ఇరవై అక్షరాల చిరునామా: పీసీఆర్ ప్రైమర్ల చరిత్రలో మన హైదరాబాదు



"పీసీఆర్‌లో నెగెటివ్ వచ్చింది కదా డాక్టరు గారూ, ఇక జబ్బు లేనట్లే కదా?" కోవిడ్ కాలం నుండి నేటి వరకు నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో చెప్పడానికి వీలులేని ప్రశ్న ఇది. పరీక్ష దేనిని వెదికింది, ఏ చిరునామాకు పోయి వెదికింది అన్నది తెలిస్తేనే సరైన సమాధానం దొరుకుతుంది. ఆ చిరునామా పేరు ప్రైమర్. దానిని రాసిపెట్టే పని ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాములది. ఆ ప్రోగ్రాముల చరిత్ర, అందులో మన హైదరాబాదు వంతు ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది ప్రయోగశాలల వారికి మాత్రమే సంబంధించిన సంగతి అనుకోకండి. మీ చేతికి వచ్చే రిపోర్టు విలువ దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

చిరునామా ఎందుకు కావాలి?

మన కణాలలో డీఎన్‌ఏ ఉంటుంది. అది ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలతో రాసిన గ్రంథం. మానవ జన్యురాశిలో అటువంటి అక్షరాలు సుమారు 310 కోట్లు. వైద్యునికి కావలసినది అందులో ఏ రెండు మూడు వందల అక్షరాల భాగమో. ఆ భాగాన్ని మాత్రమే ఎంచి, దానికి కోట్ల నకళ్ళు తీసే ప్రక్రియే పీసీఆర్. నకలు ఒక్కొక్క విడతకు రెట్టింపు అవుతుంది. ముప్పై విడతలు సక్రమంగా నడిస్తే ఒక ముక్క వంద కోట్లు దాటుతుంది.

నకలు తీసే ఎంజైముకు తనంత తానుగా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఆ భాగానికి రెండు చివరల అతుక్కునే రెండు చిన్న డీఎన్‌ఏ తునకలను మనం అందించాలి. ఒక్కొక్కటి సాధారణంగా 18 నుండి 25 అక్షరాల పొడవు ఉంటుంది. ఇవే ప్రైమర్లు.

పొడవు ఎందుకు అంత? లెక్క సులభమే. పది అక్షరాల పదాలు పది లక్షల పైచిలుకు మాత్రమే సాధ్యం. కనుక 310 కోట్ల అక్షరాల గ్రంథంలో అటువంటి పదం ఏదైనా యాదృచ్ఛికంగానే సుమారు మూడు వేల చోట్ల కనిపించవచ్చు. ఇరవై అక్షరాలకు వచ్చేసరికి సాధ్యమైన పదాల సంఖ్య లక్ష కోట్లు దాటుతుంది. అప్పుడు ఆ పదం ఒకే చోట ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఇదంతా అక్షరాలు యాదృచ్ఛికంగా పేర్చి ఉన్నాయనుకుంటే చెల్లే లెక్క. ప్రకృతి ఆ విధంగా పేర్చలేదు. అసలు చిక్కు అక్కడే మొదలయింది.

కొరానా నుండి ముల్లిస్ వరకు

రెండు ప్రైమర్లతో డీఎన్‌ఏకు మళ్ళీ మళ్ళీ నకళ్ళు తీయవచ్చన్న ఆలోచన 1971లోనే అచ్చయింది. షెల్ క్లెప్పె, మన దేశంలో పుట్టిన నోబెల్ శాస్త్రవేత్త హరగోవింద్ కొరానా, వారి సహచరులు దానిని వివరించారు. కాని అప్పటికి జన్యువుల అక్షరక్రమం చదివే పద్ధతులు చేతికి రాలేదు. చిరునామా తెలియనప్పుడు ఉత్తరం రాసి ప్రయోజనం ఏముంది? ఆలోచన మరుగున పడిపోయింది.

1983లో అమెరికాలోని సీటస్ సంస్థలో పనిచేస్తున్న కేరీ ముల్లిస్ ఈ పద్ధతిని రూపొందించాడు. 1985 చివరలో ఆ సంస్థ పరిశోధకులు ప్రచురించిన తొలి పత్రం ఒక రక్తవ్యాధి గురించినది. సికిల్ సెల్ రక్తహీనతను గుర్తించడానికి బీటా గ్లోబిన్ జన్యువుకు నకళ్ళు తీసి చూపారు. అంటే పీసీఆర్ పుట్టుకే రోగనిర్ధారణ కోసం జరిగిందన్నమాట. తరువాత వేడినీటి ఊటలలో బ్రతికే థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా ఎంజైము వాడుకలోకి వచ్చి, 1988 నుండి పని యంత్రాల చేతికి పోయింది. ముల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

చేతి లెక్కల నుండి కంప్యూటరుకు

తొలిరోజులలో ప్రైమర్లను కాగితం, పెన్సిలు పట్టుకొని ఎంచేవారు. 1979 నాటి ఒక సులభ సూత్రం అప్పటి ఆధారం: ప్రతి ఏ, టీ అక్షరానికి రెండు డిగ్రీలు, ప్రతి జీ, సీ అక్షరానికి నాలుగు డిగ్రీలు కలుపుకోవాలి. ఇరవై అక్షరాలలో పది జీ, సీలు ఉంటే మొత్తం అరవై డిగ్రీలు. ఆ వేడి దగ్గర ప్రైమరు తన జతను వదలడం మొదలుపెడుతుందని అంచనా. రెండు ప్రైమర్ల ఉష్ణోగ్రతలూ దగ్గరగా ఉండాలి. లేకపోతే ఒకటి అతుక్కునే వేడికి రెండవది ఊడిపోతుంది.

ఈ సూత్రం పొట్టి ప్రైమర్లకు సరిపోతుంది గాని, అక్షరాల వరుసను లెక్కలోకి తీసుకోదు. ఒక అక్షరం ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది దాని పక్కనున్న అక్షరాన్ని బట్టి మారుతుంది. 1986లో బ్రెస్లావర్ బృందం, 1998లో శాంటాలూసియా ఈ పొరుగు ప్రభావానికి కొలతలు ఇచ్చారు. వాటిని చేతితో లెక్కించడం విసుగు పుట్టించే పని. దానికితోడు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. ప్రైమరు తనమీద తానే మడతపడకూడదు. రెండు ప్రైమర్లు ఒకదానితో ఒకటి అతుక్కోకూడదు. చివరి కొన్ని అక్షరాలు మాత్రం తప్పకుండా సరిపోవాలి, ఎందుకంటే ఎంజైము నకలు మొదలుపెట్టేది ఆ చివరనే.

అందుకే 1989 ప్రాంతం నుండి ప్రోగ్రాములు రాసాగాయి. వాటిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ప్రైమర్3. అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థలో స్టీవ్ రోజెన్, హెలెన్ స్కలెట్‌స్కీ రాసి, 2000లో ప్రచురించారు. ఎవరైనా ఉచితంగా వాడుకునే విధంగా, మూలంతో సహా బయటపెట్టడం వలన అది ప్రపంచంలోని చిన్న చిన్న ప్రయోగశాలలకు సైతం చేరింది. మన దేశపు పరిశోధకులకు ఆ ఔదార్యం చేసిన మేలు ఇంతింతనరానిది.

ఒకే పేరున్న ఇళ్ళు

ప్రైమర్3 ఇచ్చేది ఒక ముక్కకు తగిన ప్రైమర్లను. ఆ ప్రైమర్లు గ్రంథంలో మరెక్కడైనా అతుక్కుంటాయా అన్నది వేరే ప్రశ్న. మా కిషన్‌బాగ్ వంటి పాతబస్తీ పేటలలో ఉత్తరాలు పంచినవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. ఒకే ఇంటి నంబరుకు "బై" మీద "బై" చేరి, పది వాకిళ్ళు ఒకే చిరునామాకు దగ్గరి బంధువులై ఉంటాయి. ఒక్క అంకె పొరబడితే ఉత్తరం పొరుగింటికి పోతుంది.

మానవ జన్యురాశి కూడా ఇటువంటి పాత పేటే. అందులో సగం వరకు తిరిగి తిరిగి వచ్చే భాగాలే. ఆలూ అనే మూడు వందల అక్షరాల ముక్క ఒక్కటే పది లక్షలకు పైగా ప్రతులతో, మొత్తం గ్రంథంలో పదవ వంతు ఆక్రమించి ఉంది. దానిమీద ప్రైమరు పెట్టితే నకళ్ళు ఎక్కడ పుడతాయో చెప్పలేము.

ఇంతకంటె సున్నితమైన ఉదాహరణ రక్తానికి సంబంధించినది. ఆల్ఫా గ్లోబిన్ మాంసకృత్తును తయారుచేసే జన్యువులు మనకు పక్కపక్కనే రెండు ఉన్నాయి. అవి కవలల వంటివి. మాంసకృత్తుకు సంబంధించిన భాగంలో తేడా లేదు. మార్పు ఏ జన్యువులో ఉన్నదో తెలియకుండా ఆల్ఫా తలసేమియా నిర్ధారణ పూర్తి కాదు. కనుక రెండింటి నడుమ తేడా ఉన్న కొద్దిపాటి చోటును, ముఖ్యంగా చివరి భాగంలోని కొన్ని అక్షరాలను, వెదికి ఒక ప్రైమరును అక్కడే నిలపాలి. మా ఇంటికి ఎంతో దూరం లేని శివరాంపల్లిలో తలసేమియా, సికిల్ సెల్ రోగుల సంస్థ ఉంది. రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే పిల్లలను చూసినవారికి ఈ కొన్ని అక్షరాల విలువ వేరే చెప్పనక్కరలేదు. మేనరికాలు చేసుకునే కుటుంబాలలో, మతమేదైనా, ఈ జబ్బుల ముప్పు హెచ్చు. గర్భస్థ శిశువు పరీక్షలో చిరునామా పొరబడితే ఒక కుటుంబపు భవిష్యత్తే మారిపోతుంది.

ఈ చిక్కును తీర్చడానికి ప్రోగ్రాములకు రెండవ మెట్టు కావలసివచ్చింది. 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే ప్రోగ్రాము ఒక అక్షరవరుసను పెద్ద భాండాగారాలలో వేగంగా వెదికి పోలికలు చూపుతుంది. 2012లో అమెరికా జాతీయ జీవసాంకేతిక సమాచార కేంద్రం ప్రైమర్3ను, బ్లాస్ట్‌ను జతచేసి ప్రైమర్ బ్లాస్ట్ అనే సాధనాన్ని ప్రచురించింది. మొదటిది ప్రైమరును ఎంచుతుంది. రెండవది ఆ ప్రైమరు పొరుగింటి తలుపు తట్టదు కదా అని సరిచూస్తుంది.

పంటలలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. గోధుమలో మూడు జన్యురాశులు కలిసి ఉన్నాయి. మన అనంతపురం రైతు నమ్ముకున్న వేరుశనగలో రెండు ఉన్నాయి. రెండు అడవి జాతులు కలియడం వలన పుట్టిన పంట అది. ఆ రెండు పూర్వీకుల జన్యురాశులను 2016లోను, సాగుచేసే వేరుశనగ జన్యురాశిని 2019లోను ప్రచురించారు. ఆ కృషిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులూ పాలుపంచుకున్నారు. కంది జన్యురాశి వెల్లడిలో ఆ సంస్థే ముందు నిలిచింది. ఒకే విత్తనంలో రెండు దాదాపు ఒకే విధమైన గ్రంథాలు ఉన్నప్పుడు, ఒక దానికే అతికే ప్రైమరును ఎంచడం ఎంత కష్టమో పాఠకులు ఊహించగలరు.

హైదరాబాదు వంతు

మన నగరంలో 1977లో సీసీఎంబీ, 1996లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నొస్టిక్స్ కేంద్రమైన సీడీఎఫ్‌డీ ఏర్పడ్డాయి. ఈ రెండవ సంస్థ ప్రైమర్ల చరిత్రలో నేరుగా ఒక పుట రాసింది.

జన్యురాశిలో రెండు మూడు అక్షరాలు వరుసగా పలుమార్లు వచ్చే చోట్లు ఉంటాయి. వీటిని మైక్రోసాటిలైట్లు అంటారు. ఎన్నిసార్లు వచ్చాయన్న సంఖ్య మనిషికి మనిషికి, వంగడానికి వంగడానికి మారుతుంది. అందుకే పితృత్వ నిర్ధారణలోను, నేరపరిశోధనలోను, పంటల స్వచ్ఛతను తేల్చడంలోను ఇవే సాక్షులు. అయితే ప్రైమరును ఆ పునరావృత భాగం మీద పెట్టకూడదు. దానికి ఇరువైపుల ఉన్న విలక్షణమైన అక్షరాల మీద పెట్టాలి.

2003లో సీడీఎఫ్‌డీకి చెందిన హెచ్. ఎ. నాగరాజారాం బృందం మైకాస్ అనే సాధనాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. బాక్టీరియా, వైరస్ జన్యురాశులలో మైక్రోసాటిలైట్లను వెదికే ప్రోగ్రాము అందులో ఒక భాగం. వాటికి ప్రైమర్లు రూపొందించే ఆటోప్రైమర్ మరొక భాగం. 2007లో ముదునూరి సురేష్, నాగరాజారాం కలిసి ఐఎంఎక్స్ అనే ప్రోగ్రాము ప్రచురించారు. ప్రకృతిలో పునరావృతాలు ఎప్పుడూ అచ్చుగుద్దినట్లు ఉండవు. నడుమ ఒక అక్షరం మారుతుంది, ఒకటి చేరుతుంది, ఒకటి జారిపోతుంది. అటువంటి లోపాలున్న పునరావృతాలను కూడ పట్టుకోవడం ఐఎంఎక్స్ ప్రత్యేకత.

దీని ఫలితం పాతబస్తీ వంటింటి వరకు వచ్చింది. అదే సంస్థలో జె. నాగరాజు బృందం మైక్రోసాటిలైట్ల ఆధారంగా అసలైన బాస్మతిని ఇతర బియ్యాల నుండి వేరుచేసే పద్ధతిని రూపొందించి, 2002లో ప్రచురించింది. బిరియానీకి బాస్మతి పేరుతో అమ్మే బియ్యంలో కల్తీ ఎంత ఉందో అక్షరాలే చెప్పే రోజు ఆ విధంగా వచ్చింది.

అన్నిటికీ ఒకే తాళంచెవి

ఇప్పటివరకు చెప్పినదంతా ఒకే ఇంటికి చేరే చిరునామా గురించి. దీనికి సరిగ్గా తలక్రిందులైన సమస్య ఒకటి సీసీఎంబీకి ఎదురయింది. అడవి జంతువులను చంపినవారి దగ్గర దొరికేది తరచుగా ఒక మాంసపు ముక్కో, చర్మపు తునకో. అది ఏ జంతువుదో తెలియదు. తెలియని జంతువుకు ప్రైమరు రాసేది ఎట్లు?

సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ దీనికి చూపిన పరిష్కారం 2003లో ప్రచురితమయింది. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువులో, చివరలు అనేక జంతుజాతులలో దాదాపు ఒకే విధంగా ఉండి, నడిమి భాగం మాత్రం జాతికొక విధంగా మారే ఒక ముక్కను వారు ఎంచారు. చివరలకు ప్రైమర్లు అతుకుతాయి, నడిమి అక్షరాలు జంతువు పేరు చెబుతాయి. ఒకే తాళంచెవి అన్ని తలుపులూ తెరుస్తుంది, లోపల ఉన్నవారెవరో అప్పుడు తెలుస్తుంది. లాల్జీ సింగ్ పూనికతో అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ కోసం వెలసిన లాకోన్స్ ప్రయోగశాల మాకు పక్కనే అత్తాపూర్‌లో ఉంది.

ఇక్కడ సైతం మాయలు లేకపోలేదు. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని యుగాల క్రితమే కణకేంద్రకంలోకి చేరి, అక్కడ పాత నకళ్ళుగా మిగిలిపోయాయి. పెంపుడు పిల్లిలో మైటోకాండ్రియా జన్యురాశిలో సగానికి దగ్గరైన ముక్క ఇట్లే కేంద్రకంలో పలు ప్రతులుగా ఉన్నదని 1994లో తెలిసింది. ప్రైమరు పొరపాటున ఆ పాత నకలును పట్టుకుంటే సాక్ష్యం తారుమారు కావచ్చు. నిందితుని స్వేచ్ఛ ఆ సాక్ష్యం మీద ఆధారపడిన సందర్భంలో ఇది చిన్న సంగతి కాదు.

సింహాలకు వచ్చిన కోవిడ్

2021 మే నెలలో మా పొరుగునే ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు తేలింది. పరీక్ష జరిగినది సీసీఎంబీ వారి లాకోన్స్‌లో. అప్పుడు చాలామంది, మనుషుల పరీక్ష సింహాలకు ఎట్లా పనిచేస్తుందని ఆశ్చర్యపోయారు. పై విషయాలు చదివినవారికి సమాధానం సులభంగానే తోస్తుంది. ప్రైమరు వెదికేది రోగిని కాదు, వైరస్‌ను. మనిషిలో ఉన్నా సింహంలో ఉన్నా వైరస్ చిరునామా ఒకటే.

కాని ఒక్క తేడా ఉంది. మనుషుల కిట్లలో నమూనా సరిగా తీశారా లేదా అని చూడడానికి ఒక మానవ జన్యువుకు కూడ ప్రైమర్లు చేరుస్తారు. అది పలికితే ముక్కులోని కణాలు నమూనాలో ఉన్నట్లు. సింహం నమూనాలో ఆ మానవ చిరునామా పలుకుతుందన్న హామీ లేదు. పరీక్ష ఫలితం అంటే వైరస్ దొరికిందా లేదా అన్న ఒక్క సంగతే కాదు, వెదకడం సక్రమంగా జరిగిందన్న రుజువు కూడ అందులో ఉండాలి. ఈ సూత్రం సింహాలకే కాదు, మనకు కూడ వర్తిస్తుంది.

చిరునామా తప్పిన సందర్భాలు

చరిత్రలో ప్రైమర్లు విఫలమైన ఘట్టాలు కొన్ని తెలుసుకోవడం మంచిది.

మొదటిది క్షయ. క్షయ బాక్టీరియాలో ఐఎస్6110 అనే ముక్క చాలా దేశాల రకాలలో పలు ప్రతులుగా ఉంటుంది. ప్రతులు ఎక్కువ ఉంటే పట్టుకోవడం సులభం కనుక, పీసీఆర్ తొలినాళ్ళలో ఆ ముక్కనే గురిగా ఎంచారు. కాని దక్షిణ భారతదేశంలో ఒకే ప్రతి ఉన్న రకాలు ఎక్కువని, కొన్నింటిలో అది అసలే లేదని 1990లలో జరిగిన పరిశోధనలు చూపాయి. ఇతర దేశాలలో చక్కగా పనిచేసిన చిరునామా, మన రోగుల విషయంలో ఖాళీ స్థలానికి పోయే ప్రమాదం ఉందన్నమాట. తరువాత వచ్చిన ఎక్స్‌పర్ట్ పరీక్ష ఆర్‌పీఓబీ అనే జన్యువును గురిగా తీసుకుంది. అందులోని 81 అక్షరాల భాగం రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడ చెబుతుంది. దాని కొత్త రూపమైన అల్ట్రా, ఐఎస్6110తోపాటు ఐఎస్1081 అనే మరొక గురిని చేర్చుకుంది. ఒకే చిరునామాను నమ్ముకోరాదన్న పాఠం అది.

రెండవది 2020 ఫిబ్రవరి. అమెరికా సీడీసీ పంపిన తొలి కోవిడ్ కిట్లలో, వైరస్ లేని నమూనాలకూ పాజిటివ్ సంకేతం రాసాగింది. ఆ సంస్థ పరిశోధకులే 2021లో ప్రచురించిన పత్రం ప్రకారం ఒక భాగంలో కాలుష్యం చేరింది, మరొక భాగంలో ప్రైమరు, ప్రోబు ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. ప్రోగ్రాములు మొదటి నుండి హెచ్చరిస్తున్న లోపమే ఇది. దాని మూలంగా అంతటి దేశంలో కొన్ని విలువైన వారాలు చేజారాయి.

మూడవది వైరస్ వేషం మార్చడం. కోవిడ్ ఆల్ఫా రకంలోను, తొలి ఒమిక్రాన్‌లోను ఎస్ జన్యువులో ఆరు అక్షరాలు ఊడిపోయాయి. దానితో కొన్ని కిట్లలో ఆ జన్యువు పలకడం మానివేసింది. అదృష్టవశాత్తు ఆ కిట్లలో మరి రెండు గురులు ఉండడం వలన రోగులు తప్పిపోలేదు. పైపెచ్చు ఒక గురి పలకకపోవడమే కొత్త రకానికి గుర్తుగా ఉపయోగపడింది.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

ప్రోగ్రాము ఎంత గొప్పదైనా, తన దగ్గరున్న అక్షరాలనే చదవగలదు. మన ప్రాంతపు రోగక్రిములు, మన జనాభా జన్యువులు ఆ భాండాగారాలలో లేకపోతే, పరాయి దేశపు పటం చేతబట్టుకొని మన వీధులలో తిరిగినట్లే. కనుక మన దేశంలో జన్యువుల అక్షరక్రమం చదివే పని, దానికి ఖర్చు, మన రోగ నిర్ధారణకు పునాది అని గ్రహించండి.

మీవరకు మూడు మాటలు.

పీసీఆర్ నెగెటివ్ అంటే "వెదికిన గురి ఈ నమూనాలో దొరకలేదు" అని మాత్రమే అర్థం. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉన్నవారు ఒక్క నెగెటివ్ రిపోర్టు చూసుకొని ఇంటివద్ద కూర్చోవద్దు. మళ్ళీ వైద్యుని దగ్గరకు వెళ్ళండి.

రిపోర్టులో ఎన్ని గురులు పరీక్షించారో, నమూనా సరిగా ఉన్నట్లు చూపే కంట్రోలు పలికిందో లేదో చూడండి. కంట్రోలు పలకకపోతే అది నెగెటివ్ కాదు, చెల్లని పరీక్ష. నమూనా మళ్ళీ ఇవ్వాలి.

తలసేమియా వంటి వంశపారంపర్య వ్యాధులకు పరీక్ష చేయించుకునేవారు, ఏయే మార్పులను వెదికారో జన్యు సలహాదారును అడిగి తెలుసుకోండి. పరీక్ష వెదకని మార్పు ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. ఆ మిగులు ఎంతో చెప్పవలసిన బాధ్యత పరీక్ష చేసినవారిది, అడిగే హక్కు మీది.

ఆరోగ్యమస్తు.